కోలైటిస్ తగ్గినట్టే ఉంది, అయినా పెద్దపేగు పరీక్ష తప్పదా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 36. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి మిగతా విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

పీజీ చదువుతున్నప్పుడు, అంటే 13 ఏళ్ళ క్రితం, ఆమెకు విరేచనంలో రక్తం, జిగురు పడటం మొదలైంది. ఊళ్ళో మొలలన్నారు. తర్వాత అమీబియాసిస్ అని మాత్రలు ఇచ్చారు. ఏడాది గడిచాక హైదరాబాద్‌లో కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేసి అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అని తేల్చారు. పెద్దపేగు మొత్తం వాచి ఉందని రిపోర్టు. స్టెరాయిడ్ వాడితే ముఖం ఉబ్బిపోయింది. ఆ తర్వాత అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణచే మందు) రెండేళ్ళు, మెసలమైన్ (పేగు వాపును తగ్గించే మందు) చాలాకాలం వాడారు. పెళ్ళయింది, ఆరేళ్ళ బాబు ఉన్నాడు. చివరి కొలనోస్కోపీ బాబు కడుపులో పడకముందు జరిగింది. రెండేళ్ళ క్రితం "బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేశారు. అప్పుడప్పుడు రక్తపు చారలు కనబడితే పాత చీటీ చూపించి మెడికల్ షాపులో వైసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కొని, వారం పది రోజులు వేసుకుని ఆపేస్తున్నారు. ఈమధ్య హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది.

ఈ ఏడాది ఆమె నాన్నగారికి 62 ఏళ్ళ వయసులో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయింది, కోలుకుంటున్నారు. అక్కడి డాక్టరు ఈమెకు కోలైటిస్ ఉందని విని, ఆలస్యం చేయకుండా కొలనోస్కోపీ చేయించుకోమన్నారు. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. తనకు క్యాన్సర్ ముప్పు ఎంత, పరీక్ష తప్పదా అని అడుగుతున్నారు. అమెరికాలో నర్సుగా చేస్తున్న వదినగారు (అన్నయ్య భార్య) "పెద్దపేగు తీయించేసుకో, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. చూర్ణాలిచ్చే ఒక వైద్యుడు "ఇంగ్లీషు మందుల వల్లే క్యాన్సర్ వస్తుంది" అంటున్నారు. భర్తకు ఏదో పేగుపూత అని మాత్రమే తెలుసు. అత్తగారికి గ్యాస్ ట్రబుల్ అని చెప్పారు. రెండో బిడ్డను కనాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "పరీక్షలో ఏదైనా బయటపడితే తట్టుకోగలనో లేదో తెలియదు. తెలియకుండా ఉంటేనే నయమేమో అనిపిస్తోంది."

సమాధానం

అమ్మా, మీ చివరి వాక్యం దగ్గర నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. కొలనోస్కోపీ అంటే క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష అని మీరు అనుకుంటున్నట్టున్నారు. మీలాంటి వారికి దాని అసలు ప్రయోజనం వేరు. కోలైటిస్ ఉన్నవారి పేగులో క్యాన్సర్ సాధారణంగా రాత్రికి రాత్రి పుట్టదు. పేగు లోపలి పొరలో కణాల తీరు ముందుగా మారుతుంది. దాన్ని డిస్‌ప్లేసియా అంటారు. ఆ దశలో నొప్పి ఉండదు, బరువు తగ్గడం ఉండదు, స్కానింగ్‌లో కనబడదు. కెమెరా పెట్టి చూసి, చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ దశలో దొరికితే క్యాన్సర్‌ను రాకముందే ఆపవచ్చు. మీరు భయపడుతున్న ఆ పరీక్ష మీ చేతిలో ఉన్న అతి పెద్ద రక్షణ.

ఇక జబ్బుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం. పేగులో వాపు ఏళ్ళ తరబడి ఉంటే క్యాన్సర్ రావచ్చని 1925లోనే అమెరికాలో క్రోన్, రోజెన్‌బర్గ్ అనే డాక్టర్లు ఒక కేసు ద్వారా చూపించారు. ముప్పు ఎందుకు పెరుగుతుందంటే, వాచిన చోటికి తెల్ల రక్తకణాలు గుంపుగా చేరి ఘాటైన రసాయనాలను వదులుతాయి. అవి క్రిములనే కాదు, పక్కనున్న మన కణాల డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తాయి. మరోపక్క, పుండు పడిన పొరను పూడ్చడానికి కణాలు మామూలు కంటే ఎక్కువసార్లు విభజన చెందుతాయి. జిరాక్స్ కాపీకి మళ్ళీ జిరాక్స్ తీస్తూ పోతే అక్షరాలు చెదిరినట్టు, ఇన్ని కాపీల్లో ఎక్కడో తప్పు దొర్లుతుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపవలసిన పీ53 అనే కాపలా జన్యువు మామూలు పెద్దపేగు క్యాన్సర్‌లో చివరి దశల్లో చెడుతుంది. కోలైటిస్‌లో మాత్రం చాలా ముందే చెడిపోతుంది. కంటికి మామూలుగా కనిపించే పొరలో కూడా ఆ మార్పు ఉండవచ్చు.

అందువల్ల కోలైటిస్ ఉన్నవారిలో డిస్‌ప్లేసియా చాలాసార్లు పుట్టగొడుగులా పైకి లేవదు. పొరతో కలిసిపోయి చదునుగా ఉంటుంది, ఒకేసారి రెండు మూడు చోట్ల ఉండవచ్చు. పరీక్ష ఎలా చేయాలో చెప్పేటప్పుడు ఈ విషయం మళ్ళీ అవసరం అవుతుంది.

ముప్పు ఎంత అని మీరు సూటిగా అడిగారు. 2001లో బ్రిటన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 116 అధ్యయనాలను కలిపి చూశారు. అల్సరేటివ్ కోలైటిస్ మొదలైన పదేళ్ళకు నూటికి 2 మందికి, 20 ఏళ్ళకు 8 మందికి, 30 ఏళ్ళకు 18 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినట్టు లెక్క తేలింది. తర్వాత డెన్మార్క్, స్వీడన్‌లలో లక్షలాది మంది రికార్డులతో చేసిన అధ్యయనాల్లో ముప్పు అంతకంటే బాగా తక్కువగా కనబడింది. మందులు మెరుగుపడటం, క్రమం తప్పకుండా పరీక్షలు చేయడం దీనికి ముఖ్య కారణాలని నిపుణుల అంచనా. అంటే ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి జీవితాంతం క్యాన్సర్ రాదు. కానీ ఆ తక్కువ అంకెలు మందులు వాడుతూ, పరీక్షలు చేయించుకునే వాళ్ళవి అని మరచిపోవద్దు. గత రెండేళ్ళుగా మీరు ఆ గుంపులో లేరు.

మీ విషయంలో ముప్పును పెంచేవి మూడున్నాయి. వాపు పెద్దపేగు మొత్తం ఉంది. పురీషనాళానికే (పెద్దపేగు చివరి భాగానికే) పరిమితమైన వారికి ముప్పు మామూలు మనుషులతో దాదాపు సమానం, మీకు అలా కాదు. రెండోది, మీ నాన్నగారి క్యాన్సర్. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా ఉంటే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది. 50 ఏళ్ళలోపు వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. ఆయనకు 62లో వచ్చింది కాబట్టి మీది మధ్యస్థం. మూడోదాని గురించే నాకు ఎక్కువ దిగులు. లోపల వాపు ఎంతకాలం, ఎంత తీవ్రంగా ఉంది అన్నదే ముప్పును నిర్ణయించే వాటిలో పెద్దది. మీకు వాపు పూర్తిగా పోలేదని రక్తపు చారలు, 9.2 హిమోగ్లోబిన్ చెబుతున్నాయి.

ఆ హిమోగ్లోబిన్‌ను మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మన ఆడవాళ్ళకు రక్తం తక్కువ ఉండటం మామూలే అనుకోవడం అలవాటైపోయింది. పేగు జబ్బు ఉన్న మనిషిలో, అందులోనూ తండ్రికి పెద్దపేగు క్యాన్సర్ ఉన్న మనిషిలో, కారణం తెలియని రక్తహీనతకు ఐరన్ మాత్ర వేసి ఊరుకోకూడదు. బహుశా అది పాత వాపు వల్లే అయి ఉంటుంది. అయినా దాన్నిబట్టి "వచ్చే వేసవి సెలవుల్లో చూద్దాం" అనే వెసులుబాటు మీకు లేదంటాను. ఒకటి రెండు వారాల్లో గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వ్యాధుల డాక్టరును) కలవండి.

నియమం ప్రకారం చూసినా మీకు సమయం దాటింది. పెద్దపేగులో ఎక్కువ భాగం వాచినవారికి లక్షణాలు మొదలైన 8 ఏళ్ళ నుంచి నిఘా కొలనోస్కోపీలు మొదలుపెట్టాలి. లెక్క జబ్బు తేలిన రోజు నుంచి కాదు, మొదట రక్తం కనబడిన రోజు నుంచి. మొలలని, అమీబా అని గడిచిపోయిన ఆ ఏడాది కూడా కలపాలి. మీకు 13 ఏళ్ళయ్యాయి. ఆ తర్వాత ముప్పును బట్టి ఏడాదికో, మూడేళ్ళకో, అయిదేళ్ళకో మళ్ళీ చేస్తారు. నాన్నగారి చరిత్ర వల్ల, అంతా బాగున్నా మీకు మూడేళ్ళకు మించి ఆగవద్దంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే, మీరు ప్రస్తుతం నడుస్తున్నది అదే. దానివల్ల ఈ నెల ప్రశాంతంగా గడవవచ్చు. కానీ డిస్‌ప్లేసియా ఉంటే అది మీకు చెప్పి రాదు. నొప్పి, బరువు తగ్గడం మొదలయ్యాక పరీక్షకు వెళ్తే చాలాసార్లు చికిత్స పెద్దదవుతుంది, ఫలితం తగ్గుతుంది. పైగా మీరు నిద్రపోవడం లేదని మీరే రాశారు. తెలియకపోవడం మీకు ఇస్తుందనుకున్న ప్రశాంతత నిజానికి రావడం లేదు కదా.

మందులు మళ్ళీ మొదలుపెట్టి వాపు తగ్గాక పరీక్ష చేయించుకోవడం రెండో దారి. దీనికి వైద్యపరంగా అర్థం ఉంది. పొర బాగా వాచి ఉన్నప్పుడు ముక్క తీస్తే, మానుతున్న కణాలు డిస్‌ప్లేసియాలా కనబడి పెథాలజిస్టు (ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే డాక్టరు) తేల్చి చెప్పలేకపోవచ్చు. అందుకే నిఘా పరీక్షను జబ్బు నెమ్మదించినప్పుడు చేస్తారు. అయితే మీకు ఏడేళ్ళ ఖాళీ, రక్తహీనత ఉన్నాయి కాబట్టి చాలామంది డాక్టర్లు ఇప్పుడే ఒకసారి చూసి, వాపు ఎక్కువగా ఉంటే మందులతో తగ్గించి మూడు నుంచి ఆరు నెలల్లో మళ్ళీ చూస్తామంటారు. నేనూ అటే మొగ్గుతాను. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేస్తే ప్రస్తుతం వాపు ఎంత ఉందో ముందే కొంత తెలుస్తుంది. లివర్ పరీక్షలు కూడా అడగండి. కోలైటిస్ ఉన్న కొద్దిమందికి పిత్తనాళాలు కుంచించుకుపోయే పీఎస్‌సీ అనే జబ్బు తోడవుతుంది. అది ఉంటే పేగు క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది, ఏటా కొలనోస్కోపీ చేయాలి.

పరీక్షకు వెళ్ళేటప్పుడు "మామూలు కొలనోస్కోపీ" అని చెప్పి వెళ్ళకండి. 13 ఏళ్ళ కోలైటిస్‌కు నిఘా పరీక్ష అని చెప్పండి. ఇండిగో కార్మైన్ లాంటి నీలిరంగు చల్లి చూసే క్రోమో ఎండోస్కోపీ గానీ, హై డెఫినిషన్ కెమెరా గానీ ఉన్నాయా అని అడగండి. చదునుగా ఉండే మచ్చలు రంగు చల్లితే అంచులతో సహా బయటపడతాయి. పేగు శుభ్రంగా లేకపోతే ఎంత మంచి కెమెరా అయినా దండగే. అందుకని ముందురోజు పప్పులు, ఆకుకూరలు, గింజలున్న టమాటా, వంకాయ మానేసి, పేగు శుభ్రం కావడానికి ఇచ్చే పౌడరు కలిపిన నీళ్ళు చెప్పినట్టు సగం రాత్రి, సగం పొద్దున తాగండి. ఆ నీళ్ళు తాగడమే అన్నిటికంటే విసుగు. పరీక్ష సమయంలో మత్తు ఇస్తారు కాబట్టి చాలామందికి ఏమీ గుర్తుండదు. పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది, కానీ చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరి దరిదాపుల్లో. ఖర్చు ఇబ్బంది అయితే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో గ్యాస్ట్రో విభాగాలున్నాయి.

ఫలితం ఎలా రావచ్చో ముందే ఆలోచించి పెట్టుకుంటే భయం కాస్త ఒక ఆకారంలోకి వస్తుంది. వాపు లేదు, ముక్కల్లో ఏమీ లేదు అని రావచ్చు. అప్పుడు మెసలమైన్ మళ్ళీ మొదలుపెట్టి మూడేళ్ళలోపు మళ్ళీ పరీక్షకు వెళ్తారు. వాపు ఉంది, డిస్‌ప్లేసియా లేదు అని వస్తే మందులు పెంచుతారు, తర్వాతి పరీక్ష దగ్గర పడుతుంది. మీ ఉత్తరం చదివితే నాకు ఎక్కువ అవకాశం కనిపించేది ఇదే. కంటికి కనబడే డిస్‌ప్లేసియా మచ్చ దొరికితే, అంచులు స్పష్టంగా ఉంటే, చాలాసార్లు ఎండోస్కోపీ ద్వారానే తీసేసి తరచూ చూస్తారు. పదేళ్ళ క్రితం దాకా ఇలాంటి చాలామందికి పేగే తీసేవారు. కంటికి ఏమీ కనబడకుండా మామూలు పొర నుంచి తీసిన ముక్కలో డిస్‌ప్లేసియా వస్తే మాత్రం చిక్కు. అప్పుడు ఆ స్లైడును పేగు జబ్బుల్లో అనుభవమున్న రెండో పెథాలజిస్టుకు తప్పకుండా చూపించాలి, రంగు చల్లి మళ్ళీ చూడాలి. తక్కువ స్థాయి అయితే తరచూ చూస్తూ ఉండటమా, ఆపరేషనా అన్నది మీరు, డాక్టరు కూర్చుని తేల్చుకోవాల్సింది. ఎక్కువ స్థాయి అయితేనో, క్యాన్సరే దొరికితేనో సాధారణంగా ఆపరేషన్ సలహా ఇస్తారు.

వదినగారి మాటకు వస్తాను. ఆవిడ ప్రేమతోనే చెప్పారు, అందులో కొంత నిజమూ ఉంది. పెద్దపేగు, పురీషనాళం మొత్తం తీసేస్తే కోలైటిస్ కూడా దాదాపు పోతుంది, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా దాదాపు పోతుంది. కానీ డిస్‌ప్లేసియా లేకుండా, మందులు సరిగ్గా వాడి చూడకుండా, భయంతో మాత్రమే ఆ ఆపరేషన్ చేయించుకోవడం నాకు సరైనదిగా కనబడదు. చిన్నపేగుతో సంచి కుట్టి మలద్వారానికి కలుపుతారు. రెండు మూడు దఫాల ఆపరేషన్. మధ్యలో కొన్ని నెలలు పొట్ట మీద, బయట మలం పట్టే సంచి ఉంటుంది. ఆ తర్వాత కూడా రోజుకు అయిదారుసార్లు విరేచనానికి వెళ్ళాలి. లోపల కుట్టిన ఆ కొత్త సంచికే వాపు రావడం దాదాపు సగం మందిలో ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. మీకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి: ఈ ఆపరేషన్ వల్ల కటి భాగంలో అతుకులు ఏర్పడి ఆడవారిలో గర్భం దాల్చే అవకాశం తగ్గుతుంది. లాప్రోస్కోపీతో చేస్తే తగ్గుదల కొంత తక్కువ. అవసరమైనప్పుడు ఇది ప్రాణం కాపాడే ఆపరేషన్, దాని తర్వాత హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ అవసరం మీకు వచ్చిందో లేదో పరీక్షే చెప్పాలి.

చూర్ణాల సంగతి. మెసలమైన్ క్యాన్సర్ తేదు. వాపును అణచి ఉంచడం ద్వారా ముప్పును తగ్గిస్తుందనే ఎక్కువ అధ్యయనాలు సూచిస్తున్నాయి. మీరు రెండేళ్ళు వాడిన అజాథయోప్రిన్ వల్ల లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), చర్మ క్యాన్సర్ల ముప్పు స్వల్పంగా పెరుగుతుందన్నది నిజం. చూర్ణాల వైద్యుడి మాటకు ఆధారం బహుశా అదే. ఆపేశాక లింఫోమా ముప్పు మళ్ళీ తగ్గుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌ను మెసలమైన్‌తో కలిపి ఇచ్చిన చిన్న అధ్యయనాల్లో మేలు కనబడింది, గమనించండి, మెసలమైన్‌తో కలిపి. ఆయుర్వేదం మీద మీకు నమ్మకం ఉంటే చదువుకున్న వైద్యుడిని కలవండి, ఏం వాడుతున్నారో గ్యాస్ట్రో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అందులో ఏముందో రాసివ్వని పొడి మాత్రం నోట్లో వేసుకోవద్దు. అలాంటి కొన్నిటిలో సీసం, పాదరసం, స్టెరాయిడ్ దొరికిన సందర్భాలున్నాయి.

వైసలోన్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. స్టెరాయిడ్ మంటను ఆర్పుతుంది కానీ జబ్బును అదుపులో ఉంచదు. నాలుగు రోజులు రక్తం ఆగగానే నయమైందనిపిస్తుంది, లోపల వాపు కొనసాగుతూనే ఉంటుంది. ఇలా పదేపదే వాడితే ఎముకలు గుల్లబారవచ్చు, షుగరు రావచ్చు. ఆ పాత చీటీని ఇక షాపుకు తీసుకెళ్ళకండి. ఇప్పుడు గనక వేసుకుంటూ ఉంటే మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, డాక్టరు చెప్పిన పద్ధతిలో తగ్గించుకోవాలి. మోకాలి నొప్పికో, ఒంటినొప్పికో డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా సొంతంగా వద్దు, అవి జబ్బును తిరగబెట్టవచ్చు.

రెండో బిడ్డ గురించి మీరు ఆశ వదులుకోనవసరం లేదు. పరీక్ష ముందు, గర్భం తర్వాత అనే వరుస మాత్రం పాటించండి. గర్భంతో ఉండగా కొలనోస్కోపీ అత్యవసరమైతేనే చేస్తారు. జబ్బు కనీసం మూడు నుంచి ఆరు నెలలు పూర్తిగా నెమ్మదించాక గర్భం దాలిస్తే చాలామందికి కాన్పు మామూలుగానే జరుగుతుంది. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు గర్భం వస్తే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు పెరుగుతుంది. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని మెసలమైన్ ఆపేసేవాళ్ళు ఎందరో. దాన్ని గర్భంలో కొనసాగించవచ్చు. ఆపితే తిరగబెట్టే జబ్బే బిడ్డకు ఎక్కువ హాని. ఆపాలో లేదో గైనకాలజిస్టు ఒక్కరే నిర్ణయించకుండా ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకునేలా చూడండి.

ఇక ఇంటి విషయం. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అది మీ శరీరం, మీ రిపోర్టు. గ్యాస్ ట్రబుల్ అనే మాట ఇంకొన్నాళ్ళు కొనసాగినా మీ ఆరోగ్యానికి నష్టం లేదు. భర్త సంగతి వేరు. మత్తు ఇచ్చే పరీక్షకు పక్కన మనిషి ఉండాలి, ఎవరో ఒకరు వచ్చి ఇంటికి తీసుకెళ్ళాలి. ఇంకెవరినైనా తీసుకెళ్ళి ఈ ఒక్కసారికి దాటించవచ్చు, కానీ మందులు ఏళ్ళ తరబడి వాడాలి, పరీక్షలు మళ్ళీ మళ్ళీ ఉంటాయి. రెండో బిడ్డ నిర్ణయం ఇద్దరిదీ. దాచి ఉంచడం వల్లే మీరు మాత్రలు మానేశారేమో అని కూడా నాకు అనుమానం. ఎదురుగా మాత్రలు వేసుకోవడానికి జంకే మనిషి ఏదో ఒక రోజు మానేస్తారు. చెబితే "పెళ్ళికి ముందే ఎందుకు చెప్పలేదు" అని ఆయన నొచ్చుకోవచ్చు, కొన్నాళ్ళు ఇంట్లో టెన్షన్ ఉండవచ్చు. ఆ బాధ న్యాయమైనదే అని ఒప్పుకుని మాట్లాడండి. మీకే మాటలు రాకపోతే డాక్టరు దగ్గరికి కలిసి వెళ్ళి డాక్టరు నోటితోనే చెప్పించండి. చాలామంది భర్తలు తెల్లకోటు వేసుకున్న మనిషి చెబితే తొందరగా అర్థం చేసుకుంటారు. ఇది అంటువ్యాధి కాదని, మీరు తిన్న తిండి వల్లనో, చేసిన తప్పు వల్లనో వచ్చింది కాదని ఆయనకు తెలియాలి. జపాన్ ప్రధానిగా అందరికంటే ఎక్కువకాలం పనిచేసిన షింజో అబేకు కుర్రతనం నుంచీ ఇదే జబ్బు ఉండేది. 2020లో రాజీనామా చేస్తూ జబ్బు పేరు దేశమంతటికీ చెప్పారాయన.

మీ అన్నయ్య గురించి కూడా ఒక మాట. ఆయనకు కోలైటిస్ లేకపోయినా, నాన్నగారి వల్ల 40 ఏళ్ళకు పెద్దపేగు పరీక్ష మొదలుపెట్టాలి. వదినగారు నర్సు కాబట్టి ఈ సంగతి ఆవిడతో చెప్పండి, మిగతాది ఆవిడే చూసుకుంటారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మొదటి కొలనోస్కోపీ రిపోర్టు, బాబు పుట్టకముందు తీసినది, బయాప్సీ కాగితాలు, నాన్నగారి ఆపరేషన్ రిపోర్టు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి. పాతవి దొరక్కపోతే పరీక్ష చేసిన ఆసుపత్రిలో అడగండి, చాలాచోట్ల రికార్డు ఉంటుంది. అదీ దొరక్కపోయినా అపాయింట్‌మెంట్ మాత్రం వాయిదా వేయకండి. ఫలితం వచ్చాక, అది ఏదైనా సరే, మళ్ళీ రాయండి.